బైకు క్యారియర్లు, గార్డులు ఇంట్లోనే చేసుకోవాలంటే ఏ ట్యూబు బెండర్ కొనాలి?

ట్యూబు బెండర్, అంటే గొట్టాలు వంచే యంత్రం, కొనబోయేవారు అంగడిలో మొదట అడిగే ప్రశ్న ‘ఇది ఎన్ని టన్నులది?’ అని. అది నిజానికి చివరన అడగవలసిన ప్రశ్న. గొట్టానికి ఆకారం ఇచ్చేది టన్నులు కాదు, డై, అంటే గొట్టం ఏ గాడిలో ఒదిగి వంగుతుందో ఆ అచ్చు. డై గాడిలో గొట్టం బిగువుగా కూర్చుంటే చేత్తో లాగే లివరు కూడా చక్కటి వంపు తీస్తుంది. కూర్చోకపోతే 12 టన్నుల జాకీ పెట్టినా గొట్టం చొట్టపోతుంది. అందుకని ఇక్కడ యంత్రం దగ్గరికి ఆలస్యంగానే వస్తాను. ముందు వస్తువు, తర్వాత గొట్టం, ఆ తర్వాత వంపు, ఇవి తేలాకే బెండర్. అనంతపురంలో ఇంటి పెరట్లోనో షెడ్డులోనో పని చేసుకునేవారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. కర్నూలు, కడపల వారికీ పెద్దగా తేడా ఉండదు.

1. ఏం చేయబోతున్నారు?

ఇంట్లో చేసుకోదగ్గ గొట్టపు పనులు కొన్నే ఉన్నాయి. వెనుక సామాను క్యారియర్, సీటు వెనుక ఆనుకునే కడ్డీ, గండికోటకో లేపాక్షికో వెళ్లేటప్పుడు పక్క సంచులు చక్రంలో పడకుండా ఆపే స్టేలు, పాల క్యాన్లు వేలాడదీసే చట్రం, ఇంజను ముందు గార్డు, శారీ గార్డు. కేంద్ర మోటారు వాహనాల నియమావళి 123వ నియమం ప్రకారం వెనుక కూర్చునేవారికి పట్టుకునే పిడి, కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టు, వెనుక చక్రంలో కనీసం సగాన్ని కప్పే రక్షణ ఉండాలి. ఊడిపోయిన శారీ గార్డు స్థానంలో కొత్తది చేసుకుంటే చట్టానికీ మంచిదే.

హ్యాండిల్ బార్, ఛాసిస్, స్వింగార్మ్ (వెనుక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) మాత్రం ఈ జాబితాలో లేవు, ఉండకూడదు. హ్యాండిల్ బార్ చూడ్డానికి అన్నిటికన్నా తేలికైన పనిలా కనిపిస్తుంది, 22 మి.మీ. గొట్టానికి నాలుగైదు వంపులు, అంతే కదా అనిపిస్తుంది. కానీ క్యారియర్ విరిగితే సామాను పడుతుంది, హ్యాండిల్ విరిగితే మనిషి పడతాడు. పైగా 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. చట్టం ఒప్పుకోని ఒక్కొక్క మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడేలా 2019 సవరణలో 182ఏ సెక్షన్‌ను తిరగరాశారు. గార్డులాంటి వాటి గురించి ఆర్టీవో కార్యాలయంలో ఒకమాట అడిగి మొదలుపెట్టండి. ఏం చేసినా అది హ్యాండిల్ చివరలను దాటి బయటికి పొడుచుకు రాకూడదు.

వస్తువు తేలాక కాగితం మీద గీయకండి, బండి మీదే గీయండి. 6 మి.మీ. కడ్డీనో దళసరి బైండింగ్ తీగనో చేత్తో వంచి, బోల్టు రంధ్రం నుంచి బోల్టు రంధ్రానికి అమర్చి చూడండి. సైలెన్సర్‌కి ఎంత ఎడం, కిక్కు కొట్టేటప్పుడు కాలు తగులుతుందా, ఆయిల్ మార్చేటప్పుడు స్పానరు దూరుతుందా అన్నవి తీగతోనే తెలిసిపోతాయి. అది చూసి మూడు అంకెలు రాసుకోండి: గొట్టం బయటి వ్యాసం, గోడ మందం, మీకు కావలసిన అతి చిన్న వంపు వ్యాసార్థం.

ఇక్కడే ఇంకో నిర్ణయం కూడా. ఏడాదికి ఒక క్యారియర్ చేసేవారికి బెండర్ దండగ. ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీలు) రెయిలింగులు చేసే షాపుల్లో బెండింగ్ యంత్రాలు ఉంటాయి, తీగ నమూనా పట్టుకెళితే వంపుకింత అని తీసుకుని చేసిపెడతారు. అయితే వాళ్ల దగ్గర ఉన్న డై వ్యాసార్థమే మీకు దక్కుతుంది.

2. ట్యూబూ పైపూ ఒకటి కాదు

డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

ప్లంబింగ్ అంగడిలో ‘ఒక ఇంచు పైపు’ అంటే దాని బయటి వ్యాసం ఒక ఇంచు కాదు, సుమారు 33.7 మి.మీ. ముప్పావు ఇంచు పైపు సుమారు 26.9, అర ఇంచు పైపు సుమారు 21.3 మి.మీ. ఉంటాయి. నీరు పోయే దారిని బట్టి వచ్చిన పాత కొలత అది, పేరుకే ఇంచు. ఇనుప కుర్చీలకు, బైకు పనులకు వాడే ట్యూబు అలా కాదు. దాన్ని బయటి వ్యాసంతోనే పిలుస్తారు. ఒక ఇంచు ట్యూబు అంటే ఖచ్చితంగా 25.4 మి.మీ., ఏడు బై ఎనిమిది అంటే 22.2.

ఇప్పుడు మార్కెట్లో చవగ్గా దొరికే హైడ్రాలిక్ పైపు బెండర్ సంగతి చూడండి. దాని డైలు పైపు కొలతలకు పోత పోసినవి. 25.4 ట్యూబును ముప్పావు ఇంచు డైలో పెడితే మిల్లీమీటరున్నర ఖాళీ మిగులుతుంది. గొట్టం పక్కలకు వ్యాపించడానికి ఆ ఖాళీ చాలు, వంపు మధ్యలో కోడిగుడ్డు ఆకారం వస్తుంది. 22.2 ట్యూబు అయితే అర ఇంచు డైలో అసలు దిగదు, ముప్పావు డైలో ఊగుతుంది. అంగట్లో ‘అర ఇంచు నుంచి రెండు ఇంచుల దాకా అన్నీ వంచుతుంది’ అని చెప్పే మాట అబద్ధమేమీ కాదు. అది పైపుల గురించి చెప్పిన మాట, మీకు కావలసింది ట్యూబు.

గొట్టం కొనడానికి వెర్నియర్ కాలిపర్ జేబులో వేసుకుని వెళ్లండి. క్యారియర్లకు, స్టేలకు 16 గేజు, అంటే 1.63 మి.మీ. గోడ ఉన్న 22.2 లేదా 25.4 ట్యూబు సరిపోతుంది. ఇంజను గార్డుకు 14 గేజు, అంటే 2 మి.మీ. తీసుకోవడం మేలు. ‘16 గేజే’ అని చెప్పి 1.4 మి.మీ. అంటగట్టడం కొత్త విషయం కాదు. కత్తిరించిన అంచు దగ్గర గరుకు ఉంటుంది కాబట్టి అక్కడ కాలిపర్ కూడా మోసపోవచ్చు. తూకం మోసపోదు. వ్యాసంలోంచి మందం తీసేసి, వచ్చినదాన్ని మందంతోనూ ఆపైన 0.0247తోనూ గుణిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 25.4 వ్యాసం, 1.63 మందం ఉన్న 6 మీటర్ల గొట్టం సుమారు 5.7 కిలోలు తూగాలి. 5 కిలోల దగ్గర ఆగిందంటే మీ చేతిలో ఉన్నది 1.4.

రకం సంగతి: వాహనాల గొట్టాలకు భారతీయ ప్రమాణం ఐఎస్ 3074, నీటి పైపులకు ఐఎస్ 1239. మొదటిది చిల్లర అంగళ్లలో అడగ్గానే దొరక్కపోవచ్చు. దొరకనప్పుడు మంచి కంపెనీ ఈఆర్‌డబ్ల్యూ (రేకును చుట్టి కరెంటుతో అతికించిన) నల్ల ట్యూబుతో సర్దుకోవచ్చు. జీఐ (జింకు పూత వేసిన) గొట్టం మాత్రం వద్దు. వంచితే పూత పెచ్చులు లేస్తుంది, వెల్డింగ్ చేస్తే జింకు పొగ జ్వరం తెప్పిస్తుంది. క్రోమ్ వేసిన గొట్టాన్ని కూడా వంచకండి, వంచాకే క్రోమ్ వేయిస్తారు. ఎస్‌ఎస్‌లో గేట్లకు వాడే 202 రకాన్ని అంతకన్నా మేలైన 304 అని అమ్మే అలవాటుంది. అయస్కాంతం ఈ రెంటినీ వేరు చేయలేదు, మాంగనీసు పసిగట్టే చుక్కల మందు ఉన్న దుకాణంలో పరీక్షించి తీసుకోండి.

3. వంపు ఎంత గుండ్రంగా?

వంపు వ్యాసార్థాన్ని గొట్టం మధ్యగీత దగ్గర కొలుస్తారు. ఒక ఇంచు ట్యూబుకు మూడు ఇంచుల వ్యాసార్థం అంటే మూడు రెట్లు. ఇంటి పనికి ఈ మూడు రెట్లే నా సలహా. మూడు రెట్ల దగ్గర వంపు వెలుపలి అంచు ఆరింట ఒక వంతు సాగుతుంది, 1.63 గోడ 1.4 దాకా పలచబడుతుంది. రెండు రెట్లకు దిగితే సాగడం నాలుగింట ఒక వంతుకు చేరి వంపు లోపలి వైపు ముడతలు మొదలవుతాయి. అక్కడి నుంచి గొట్టం నలగకుండా లోపల ఆనించే మాండ్రెల్ కావాలి, మాండ్రెల్ యంత్రం ఇంటి బేరం కాదు.

మాండ్రెల్ లేకుండా నడుస్తుందో లేదో చూడడానికి బయటి వ్యాసాన్ని గోడ మందంతో భాగించండి. 25.4ను 1.63తో భాగిస్తే 15.6. మూడు రెట్ల వంపుకు ఇది సుఖంగా ఉండే అంకె. 20 దాటితే ఇంకా పెద్ద వ్యాసార్థానికి పోవాలి. సైలెన్సర్ బెండు పైపుకు 38 వ్యాసం, 1.2 మందం అనుకోండి, భాగిస్తే 31 దాటుతుంది. ఆ ఆశ వదిలేసి రెడీమేడ్ మాండ్రెల్ బెండ్లు కొని ముక్కలుగా అతికించుకోవడమే నయం.

వ్యాసార్థం అందానికి మాత్రమే కాదు. 230 మి.మీ. వెడల్పున్న క్యారియర్ వెనుక అంచును ఒకే గొట్టంతో రెండు 90 డిగ్రీల వంపులు పెట్టి చేస్తారనుకుందాం. 25.4 ట్యూబుకు మధ్యగీత నుంచి మధ్యగీతకు 204.6 మి.మీ. వస్తుంది. 76 వ్యాసార్థం డై అయితే రెండు వంపుల మధ్య 52.6 మి.మీ. నిటారు గొట్టం మిగులుతుంది, గొట్టాన్ని డైకి బిగించే క్లాంపు పట్టుకోవడానికి అదీ కష్టం మీదే సరిపోతుంది. 100 వ్యాసార్థం డై కొంటే మిగిలేది 4.6 మి.మీ. మాత్రమే. రెండో వంపు వేయడానికి క్లాంపుకు చోటే ఉండదు. డై కొనకముందు ఈ తీసివేత చేసుకోనివారు క్యారియర్‌ను డైకి తగ్గట్టు మార్చుకోవలసి వస్తుంది.

4. యంత్రాల రకాలు

ఏసీ మెకానిక్కుల చేతి బెండర్ రాగి గొట్టాలకు. అది ఇటు పనికిరాదు.

జాకీతో నెట్టే హైడ్రాలిక్ బెండర్‌లో గొట్టం రెండు రోలర్ల మీద ఆని ఉంటుంది, డై దాన్ని మధ్యలో నెడుతుంది. బలమంతా ఒక్కచోట పడుతుంది, ఖాళీ అగ్గిపెట్టెను వేలితో నొక్కినట్టు. దళసరి నీటి పైపు తట్టుకుంటుంది, పలచని ట్యూబు తట్టుకోదు. ఇప్పటికే అది ఇంట్లో ఉంటే పారేయకండి, ట్యూబు కొలతకు లేతులో కొత్త డై చేయించి 2 మి.మీ. గోడ ఉన్న గార్డు గొట్టాలకు పెద్ద వంపులు వేసుకోవచ్చు. కొత్తగా కొనేవారికి మాత్రం నేను చెప్పను.

మూడు రోలర్ల యంత్రం పెద్ద పెద్ద చాపాలకు, చక్రాలకు. క్యారియర్ మూల దానితో రాదు.

ఇక రోటరీ డ్రా. గుండ్రటి డై తిరుగుతుంది, క్లాంపు గొట్టాన్ని డైకి కట్టిపడేసి తనతో లాక్కుపోతుంది, వెనుక ఫాలోవర్ బ్లాకు గొట్టాన్ని గాడిలోకి అదిమి పడుతుంది. వంపు మొత్తం పొడవునా గొట్టం రెండు గాడుల మధ్య బందీగా ఉంటుంది కాబట్టి పక్కలకు పొంగే వీలుండదు. బైకు పనికి కొనవలసింది ఇదే. లివరుతో లాగేదైనా, రాచెట్‌దైనా, హైడ్రాలిక్ సిలిండర్‌దైనా డై సూత్రం ఒకటే, వంపులో తేడా రాదు.

ఇసుక పోసి కాల్చి వంచే పాత పద్ధతి కూడా ఉంది, ఒకటి రెండు ముక్కలకు అది ఇప్పటికీ దివ్యంగా పనిచేస్తుంది. పెన్నా ఇసుకను జల్లించి, బాణలిలో వేయించి, చెమ్మ చుక్క లేకుండా చేసి, తట్టి తట్టి గట్టిగా నింపాలి. రెండు చివరలూ మూసిన గొట్టంలో తడి ఇసుక ఉండగా కాలిస్తే ఆవిరికి అది పేలుతుంది. మాట వరసకు చెప్పడం లేదు.

5. ఎంత బలం కావాలి, దేనికి బిగించాలి?

ఇప్పుడు టన్నుల ప్రశ్న. మైల్డ్ స్టీలు 25.4 ట్యూబు, 1.63 గోడ అయితే వంచడానికి మీటరు లివరు చివర సుమారు 28 కిలోల బలం కావాలి. రాపిడి కలిస్తే ఇంకా పెరుగుతుంది. మీటరున్నర లివరు ఉంటే ఒక మనిషి హాయిగా లాగగలడు. 32 మి.మీ. వ్యాసం, 2 మి.మీ. గోడ అయితే అదే మీటరు దగ్గర 55 కిలోలు దాటుతుంది, అప్పుడు రాచెట్ గాని హైడ్రాలిక్ గాని తీసుకోండి. కరెంటుతో నడిచేది ఇంటికి అనవసరం. చేతి పంపు హైడ్రాలిక్‌కు మధ్యాహ్నం కరెంటు పోయినా ఇబ్బంది లేదు.

ఎంత బలంతో లాగితే అంత బలంతో స్టాండు తిరగబడాలని చూస్తుంది. అందరూ మరిచేది ఇదే. మన వైపు ఇళ్లలో నేలకు తాడిపత్రి బండలో కడప బండలో పరుస్తారు. వాటికి రంధ్రం వేసి యాంకర్ బోల్టు బిగిస్తే పట్టు బండకే పరిమితం, కింద ఉన్నది ఇసుక, పలచని సిమెంటు పరుపు మాత్రమే. రెండు మూడు వంపులకు బండ పగులుతుంది, అద్దె ఇల్లయితే ఇంటి యజమానితో గొడవ అదనం. సొంత పెరడు ఉంటే రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు గుంత తీసి కాంక్రీటు పోయండి. సుమారు 400 కిలోల దిమ్మె అవుతుంది. ఫౌండేషన్ బోల్టులను స్టాండు పళ్లెం రంధ్రాల కొలతతో చేసిన చెక్క పలకలో నిలబెట్టి పోస్తే తర్వాత కూర్చోదన్న బాధ ఉండదు. ఎండాకాలంలో పోసినట్లయితే తడి గోనె పట్టాలు కప్పి కనీసం వారం రోజులు తడుపుతూ ఉండండి, ఎండ తగిలితే దిమ్మె పైపొర పిండిలా రాలుతుంది.

అద్దె ఇంట్లో ఉన్నవారికి హైడ్రాలిక్ రోటరీ మేలు. సిలిండర్ ఒత్తిడి యంత్రం చట్రంలోనే ఇమిడిపోతుంది, నేలను పట్టుకోవలసిన పని పెద్దగా ఉండదు.

6. కొనేటప్పుడు

అనంతపురం వారికి బెంగళూరు, కర్నూలు వారికి హైదరాబాదు దగ్గర. రెండూ సుమారు 200 కిలోమీటర్ల పైచిలుకు. బెంగళూరులో ఎస్పీ రోడ్డు, పీణ్యా వైపు, హైదరాబాదులో రాణిగంజ్ వైపు పనిముట్ల అంగళ్లు చూడండి. ఆన్‌లైన్లో కొంటే డై మీద రాసిన కొలత పైపుదా ట్యూబుదా అని రాతపూర్వకంగా అడగండి. జవాబు ‘ఒక ఇంచు’ అని మాత్రమే వస్తే ఆగిపోండి. 25.4 అనో 33.7 అనో అంకె రావాలి.

అంగడికి మీ గొట్టం ముక్కను అడుగు పొడవున తీసుకెళ్లండి. గాడిలో పెట్టి ఊపండి, పక్కలకు కదలకూడదు, బలవంతంగా దిగకూడదు. డై మధ్య పిన్ను రంధ్రంలో ఆట ఉంటే వంపు ప్రతిసారీ ఒక్కో రకంగా వస్తుంది. సెకండ్ హ్యాండ్ యంత్రమైతే ఫాలోవర్ బ్లాకు గాడి అరిగిందా, పిన్నులు ఒంగాయా, సిలిండర్ దగ్గర నూనె చెమ్మ ఉందా చూడండి. వంపు కోణం చూపే పళ్లెం ఉంటే మంచిది, లేకపోయినా ఫోనులోని లెవెల్‌తో గడుస్తుంది.

యంత్రం ధరను ఒక్కటే చూడకండి. ఒక్కో వ్యాసానికి ఒక్కో డై, దాని ఫాలోవర్ కలిపి లెక్కేస్తే డైల ఖర్చు యంత్రాన్ని దాటిపోవచ్చు. నా మాట వింటే మొదట ఒకే డై కొనండి: 25.4 ట్యూబుకు, 76 వ్యాసార్థం. క్యారియర్ నుంచి గార్డు దాకా అన్నీ దానితోనే గీయడం నేర్చుకోవచ్చు.

రెండో డై లేతులో చేయించుకోవచ్చు. బోర్లు, ట్రాక్టర్ల పని చేసే లేత్ వర్క్స్‌కు ఇది పెద్ద పని కాదు, బొమ్మ సరిగ్గా ఇవ్వడమే మీ వంతు. ఈఎన్8 అనే రకం ఉక్కు, 76 వ్యాసార్థానికి 152 మి.మీ. వ్యాసం, 38 మి.మీ. మందం, అంచు చుట్టూ అర్ధచంద్రపు గాడి. గాడి వ్యాసార్థం గొట్టం వ్యాసంలో సగానికి 0.1 మి.మీ. మాత్రమే ఎక్కువ ఉండాలి. గాడిని కంటి అంచనాతో తీయనివ్వకండి, ముందు రేకుతో గేజు కత్తిరించి ఇవ్వండి.

7. మొదటి వంపులు

మంచి గొట్టాన్ని ముందే కోయకండి. అర మీటరు ముక్క తీసుకుని, లోపలా బయటా తుడిచి, ఈఆర్‌డబ్ల్యూ అతుకు గీత ఎక్కడుందో మార్కరుతో గుర్తు పెట్టుకోండి. అతుకు వంపు వెలుపలికీ రాకూడదు, లోపలికీ రాకూడదు, పక్కకు ఉండాలి. ఫాలోవర్ గాడిలో కాస్త గ్రీజు రాయండి. క్లాంపు వైపు రాస్తే గొట్టం జారుతుంది.

ఆగకుండా, కుదుపు లేకుండా లాగి 90 దగ్గర ఆపి, వదిలి, కోణం కొలవండి. మైల్డ్ స్టీలు రెండు మూడు డిగ్రీలు వెనక్కి వస్తుంది, ఎస్‌ఎస్ ఇంకా ఎక్కువ. 30, 45, 60, 90 నాలుగింటికీ ఇలా కొలిచి, ఎంతకు ఎంత ఎక్కువ లాగాలో డై మీదే పెయింటు మార్కరుతో రాయండి. గొట్టం బ్యాచ్ మారినప్పుడు మళ్లీ ఒక ముక్క వంచి చూడండి.

వంపులో పోయే పొడవుకు వ్యాసార్థాన్ని కోణంతో, ఆపైన 0.01745తో గుణించండి. 76 వ్యాసార్థం, 90 డిగ్రీలకు 119.4 మి.మీ. పైన చెప్పిన క్యారియర్‌కు ఇరువైపులా 300 మి.మీ. చేతులు కావాలంటే, 300, 119.4, 52.6, 119.4, 300 కలిపి 891.4 మి.మీ. గొట్టం. దీనికి చివర్ల దగ్గర చెరో 50 ఎక్కువ ఉంచి, వంచాక కోయండి. రెండో వంపు వేసేటప్పుడు మొదటి వంపు నేలకు సమంగా ఉందో లేదో లెవెల్ పెట్టి చూడాలి. అక్కడ రెండు డిగ్రీలు తిరిగిందంటే క్యారియర్ ఒక చెవి పైకి, ఒక చెవి కిందికి పోతుంది, వెల్డింగ్ దాన్ని దాచదు.

వచ్చిన వంపును కాలిపర్‌తో పరీక్షించండి. మధ్యలో అతి పెద్ద వ్యాసం, అతి చిన్న వ్యాసం కొలిచి తేడాను 25.4తో భాగించండి. నూటికి ఏడెనిమిది వంతుల లోపు ఉంటే క్యారియర్లకు నేను ఒప్పుకుంటాను. అంతకు మించితే గాడి వదులుగా ఉందన్నమాట. లోపలి వైపు అలల్లా ముడతలు పడితే ముందు ఫాలోవర్‌ను బిగించి చూడండి, అప్పటికీ పోకపోతే ఆ గోడ మందానికి ఆ వ్యాసార్థం చిన్నది. వెలుపల గీతలు పడుతుంటే గ్రీజు చాలలేదు, లేదా గాడిలో ఇనుప రజను ఉంది. క్లాంపు దగ్గర గొట్టం జారిన మెరుపు గీత కనిపిస్తే అక్కడి నూనె తుడవండి. అతుకు దగ్గర చీలితే ఆ గొట్టాన్ని మళ్లీ ప్రయత్నించకుండా పక్కన పెట్టి, వేరే కంపెనీ ట్యూబు తెచ్చుకోండి.